పటము గోడకెక్కినది, కథ యెక్కడ?

నేడు పట్టణములలో కలవారి యిండ్లకు పోయినచో, ముందుగదిలో ఎఱ్ఱని నేలపై పసుపు, నీలి, తెలుపు వన్నెలతో వ్రాసిన పటమొకటి గాజుపలక వెనుక వ్రేలాడుట తఱచుగ కనబడును. అందొకచో తాటిచెట్టెక్కు గౌడుండును. మఱియొకచో మగ్గముకడ కూర్చున్న నేతగాడుండును. వేఱొకచో పాలు పితుకు గొల్లపడుచుండును. ఇది యేమని గృహస్థు నడిగిన, “చేర్యాల పటము” అని సంతోషముతో చెప్పును. “ఇందలి కథ యేది?” అని మఱల నడిగినచో మిన్నకుండును. ఆ గృహస్థుని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. పటము నమ్మిన యంగడివానికిని ఆ కథ తెలియదు. తెలిసిన వాని నెవ్వరును పిలువలేదు. ఈ మౌనము వలన మన జాతికి కలుగుచున్న నష్టమెట్టిదో పాఠక మహాశయులకు మనవి చేయుటయే ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

దేశీయములగు చేతిపనులను ప్రజలకు పరిచయము చేయవలెనను కోరిక నానాటికి పెరుగుచున్నది. ప్రభుత్వ విక్రయశాలలు వెలసినవి. ప్రదర్శనములు జరుగుచున్నవి. 1999వ సంవత్సరపు భౌగోళిక సూచికల శాసనముక్రింద చేర్యాల పటములకును, ఆంధ్రదేశపు తోలుబొమ్మలకును, కాళహస్తి కలంకారికిని రక్షణము లభించినది. ఇవన్నియు మెచ్చదగినవే. కాని మన చేతిపనులలో ననేకములు వట్టి వస్తువులు కావు. అవి కథ చెప్పుటకై పుట్టిన పరికరములు. వీణను గోడకు తగిలించి సంగీతము నుద్ధరించితి మనుకొనుట యెట్టిదో, పటమును గోడకు తగిలించి కథాసంప్రదాయమును రక్షించితి మనుకొనుటయు నట్టిదే.

పటము పుట్టు విధము

చేర్యాల తెలంగాణములో సిద్దిపేట జిల్లాయందలి ఊరు. అచ్చటి నకాశీ కుటుంబములవారు తరతరములుగ ఈ పటములను వ్రాయుచున్నారు. మున్ను గ్రామగ్రామమున నకాశీలుండిరి. నేడీ పని ముఖ్యముగ కొలది కుటుంబములయందే నిలిచియున్నది.

పటమునకు ఖద్దరు గుడ్డ యాధారము. గంజి, సుద్దమన్ను, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపి గుడ్డకు పూయుదురు. ఆఱిన పిదప మఱల పూయుదురు. ఇట్లు మూడు మాఱులు పూయగా గుడ్డ బిగిసి నునుపెక్కును. చుట్టచుట్టినను పూత విఱుగదు. పిమ్మట ఉడుత వెండ్రుకల కుంచెతో రేఖలు గీయుదురు. నేల యంతయు ఎఱుపుతో నింపుట ఈ పటముల ప్రధాన లక్షణము. వెనుకటి కాలమున ఎఱుపునకు ఇంగిలీకమును, నలుపునకు దీపపు మసియు, నీలమునకు నీలిమందును వాడెడివారు. నేడు అంగడిలో దొరకు రంగులే హెచ్చుగ వాడుకలోనున్నవి. వన్నెలకును నియమము కలదు: దేవతలకు నీలము, దేవేరులకు పసుపు, రాక్షసులకు ముదురు వన్నె, మానవులకు లేత చాయ. చదువు రాని శ్రోత సైతము చివరి వరుసనుండి చూచి, ఇతడు దేవుడు, ఇతడు రక్కసి యని గుర్తించుటకే ఈ యేర్పాటు.

పటము మూడడుగుల వెడల్పును, నలువది యడుగులకు మించిన నిడివియు గలిగియుండుట కద్దు. మొదట గణపతి, పిదప సరస్వతి, ఆపై కథాక్రమము. గడికిని గడికిని నడుమ పూలతీగ హద్దు. ఏ గడిలోనిది వట్టి యలంకారము కాదు. ఒక్కొక్క బొమ్మ ఒక్కొక్క ఘట్టమునకు గుర్తు. కథకుడు కఱ్ఱతో చూపినపుడు అది నోరు విప్పును. నేడు మన గోడలపై నున్నవి ఆ నలువది యడుగులనుండి తీసిన యొక్క గడి మాత్రమే. ఇది భారతమునుండి యొక్క పుటను చించి చట్రమున బిగించిన చందము.

కథ చెప్పువారు

ఈ పటములను వ్రాయువారు నకాశీలు, వ్రాయించువారు వేఱు. ఒక్కొక్క కులమునకు కథ చెప్పు ఆశ్రితకులము ఒక్కొక్కటి కలదు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును చెప్పుదురు. గౌడులకు గౌడజెట్టివారు గౌడపురాణమును చెప్పుదురు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును చెప్పుదురు. యాదవులకు మందహెచ్చులవారు కాటమరాజు కథను పటముతో కాక కొయ్యబొమ్మల నెదుట నిలిపి చెప్పుదురు. తేలికయగు పొణికి కఱ్ఱతోను, ఱంపపు పొట్టు, చింతపిండి ముద్దతోను చేసెడి యా బొమ్మలును నకాశీల చేతిపనియే.

ఊరి నడుమ రచ్చకడ పటమును కఱ్ఱలకు తగిలించి, గడి వెంట గడిగ విప్పుచు, ముగ్గురో యైదుగురో జట్టుగ కూడి, తాళము, మద్దెల, హార్మోనియములతో రాత్రుల తరబడి కథ నడపుట వారి వృత్తి. ఏ గ్రామములలో ఎవరు చెప్పవలెనను హక్కు మిరాసిగ సంక్రమించుచుండెను. అన్నదమ్ములు పొలము పంచుకొనినట్లు ఊళ్లను పంచుకొనెడివారు. కథ ముగిసిన పిదప పోషకకులమువారు ధాన్యమో, ధనమో, వస్త్రమో యిచ్చి సాగనంపుట మర్యాద. పటము జీర్ణించినపుడు దానిని చెత్తలో పాఱవేయక, పెద్దలకు చేయునట్లు కర్మచేసి ఏటిలో విడిచెడివారు. వారికది వస్తువు కాదు, ఇంటిలోని పెద్ద.

ఈ కథలయం దేమున్నదని కొందఱు విద్యావంతులు చప్పరించుట మే మెఱుగుదుము. దానికి ప్రత్యుత్తరము చెప్పవలసియున్నది. మన గ్రంథములలో నేతగాని పేరెన్ని చోట్ల కలదు? చెప్పులు కుట్టువాని పుట్టుక నే కవి వర్ణించెను? పద్మతంతువులతో దేవతలకు వస్త్రము నేసిన భావనాఋషి సంతతి మేమని పద్మశాలి చెప్పుకొనును. సృష్టికి పూర్వమే పుట్టిన ఆదిజాంబవుడు మా మూలపురుషుడని మాదిగ చెప్పుకొనును. తన్ను తక్కువవాడన్న లోకమునకు, “నీవు పుట్టక మున్నే నేనుంటిని” అని చెప్పిన యుత్తరమది. శాసనములయందును చరిత్రములయందును చోటు దొరకని ప్రజలు తమ గౌరవమును తామే వ్రాయించి, చుట్టచుట్టి, భుజముపై మోసి కాపాడుకొనిరి. ఆ పటము నుండి కథను తొలగించినచో మిగులునది యెఱ్ఱని గుడ్డ. పోవునది యొక ప్రజయొక్క ఆత్మకథ.

కథయు బొమ్మయు కలసియుండుట గ్రామములకే పరిమితము కాదు. గోదావరి తీరపు కోయలలో డోలివారు ‘పడిగె’ యను ముక్కోణపు గుడ్డపై బొమ్మలు దాల్చిన వంశచరిత్రను పాడుదురు. సమ్మక్క సారలమ్మల గాథలను డోలుతో కోయభాషయందును తెలుగునందును పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఆయన 2024లో గతించెను. బిరుదమిచ్చి రెండేండ్లు గడచునప్పటికి గాయకుడు లేడు. ఇట్టి వారికడ కూర్చుండి నేర్చుకొనుటకు మనకు గల వ్యవధి యెంత స్వల్పమో దీనివలన గ్రహింపవచ్చును.

తోలుబొమ్మల పాఠము

రాయలసీమవైపు చూచిన ఇదే కథ మఱియొక రూపమున కనబడును. శ్రీసత్యసాయి జిల్లాలో ధర్మవరముకడ నిమ్మలకుంట యను గ్రామము కలదు. అచ్చటి కళాకారుల కుటుంబములు ఇంట మరాఠీ మాటలాడుచు, తెరవెనుక తెలుగున రామాయణము పాడుదురు. పదుమూడవ శతాబ్దినాటికే తోలుబొమ్మలాట తెలుగుదేశమున ప్రసిద్ధమై యుండెనని పాలకురికి సోమనాథుని పండితారాధ్య చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది. రంగనాథ రామాయణపు ద్విపద ఈ యాటకు మూలాధారము.

మేకతోలును రోమము తీసి, గీకి, వెలుతురు సోకిన మిలమిల కనబడునంత పలుచన చేసి, రేఖలు గీసి, చిన్న చిన్న ఉలులతో నగలకు రంధ్రములు పొడిచి, రెండు ప్రక్కలను రంగు వేసి, చేతులు కాళ్లు వేర్వేఱుగ కత్తిరించి దారముతో కూర్తురు. నాలుగైదడుగుల బొమ్మలు సాధారణము. భారతదేశపు నీడబొమ్మలలో నింత పెద్దవి యరుదు. తెల్లని తెర వెనుక మున్ను ఆముదపు దీపము, నేడు విద్యుద్దీపము. రావణుని సభ నడుమ కేతిగాడును, బంగారక్కయు, జుట్టుపోలిగాడును దూఱి, ఊరి పెద్దల లోపములను వారి యెదుటనే యెత్తిపొడిచి నవ్వించుట ఈ యాటయందలి స్వాతంత్ర్యము. పత్రికలు లేని కాలమున గ్రామమునకు సంపాదకీయము వ్రాసినవాడు కేతిగాడే యనిన అతిశయోక్తి కాదు.

నిమ్మలకుంట కళాకారుడగు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించినది. ఆ గ్రామమువారు నేడు దీపపు గూళ్లను, తలుపు తెరలను, గోడబొమ్మలను చేసి విక్రయించుచు జీవించుచున్నారు. ఇందు దోషమేమియు లేదు. ఆట కట్టించువారు లేనపుడు కుటుంబము తినవలెను గదా. దీపపు గూడుపైని హనుమంతుడు ఆ యింటి పొయ్యిని వెలిగించుచున్నాడు. కాని ఆ హనుమంతునకు లంక లేదు, సముద్రము లేదు, మాట లేదు. తండ్రి చేయి బొమ్మను చేయుటయు, బొమ్మతో నోరు పద్యమును పలుకుటయు చూచి పెరిగిన కుమారుడు రెండును నేర్చెను. చేయి మాత్రము చూచి పెరుగు మనుమడు ఒక్కటియే నేర్చును. ఒక తరము గడచునప్పటికి విద్యలో సగము పోవుట ఇట్లే సంభవించును. ఎవరును చంపకయే అది చచ్చును.

విడిపోవుటకు కారణములు

చిత్రకారుని విద్య గుడ్డతో కూడ రైలెక్కి నగరమునకు పోగలదు. కథకుని విద్య ఊరిని, భాషను, శ్రోతను విడిచి పోజాలదు. వస్తువునకు వెల కట్టుట సులభము. రాత్రికి వెల కట్టుట కష్టము. కావున పోషణ మంతయు వస్తువువైపు ప్రవహించినది. 1952లో అఖిల భారత హస్తకళా మండలి కమలాదేవీ చట్టోపాధ్యాయ అధ్యక్షతను వెలసిన నాటినుండి చేతిపనుల నుద్ధరించుటకు జరిగిన కృషి గొప్పది; ఆమె ఋణము దేశము తీర్చుకొనలేనిది. కాని చేతిపని యొక శాఖయందును, కథాగానము వేఱొక శాఖయందును చేరినవి. ఒకరికి విపణి; ఇంకొకరికి ఎపుడో యొక సన్మానము. కలసి పుట్టిన కవలలను వేర్వేఱు గృహములలో పెంచినట్లయినది.

రెండవ కారణము మనలోనే యున్నది. మిరాసి కాలము మంచి కాలమని మేము చెప్పుట లేదు. ఆశ్రితకులములను పోషకులు తమకంటె తక్కువగ చూచిరి; కథ విని కన్నీరు కార్చినవారే కథకుని గడప దాటనీయలేదు. డక్కలివారి దుఃస్థితి యెఱిగినవా రెవ్వరును ఆ దినములు మఱల రావలెనని కోరరు. వారి పుత్రులు చదువుకొని యుద్యోగములు చేయుదురేని మనము సంతోషింపవలెను. కళ నిలుచుటకై యొక కుటుంబము దరిద్రమున నిలువవలెననుట న్యాయము కాదు. మనము కోరవలసినది పాత బంధము కాదు, క్రొత్త గౌరవము: యాచకుడుగ గాక ఉపాధ్యాయుడుగ కథకుడు మన ముంగిటికి వచ్చుట.

ఎవరి సొత్తు?

ప్రజలతో పంచుకొనుట యనగా ఎవరిదియు కాని దానిని చేయుట కాదు. ఈ భేదమును మఱచుచున్నాము. భౌగోళిక సూచిక చేర్యాల యను పేరును కాపాడును. ఆ పటముమీది కథను కాపాడదు. డక్కలివాని నోట విని జాంబపురాణము నొకరు అచ్చొత్తించి తమ పేరు పెట్టుకొనినచో ఏమి చేయవలెను? పటములోని బొమ్మను యంత్రముచే చీరలపై ముద్రించి యమ్మినచో నకాశీకి వచ్చునదేమి? ఐక్యరాజ్యసమితి విద్యా వైజ్ఞానిక సాంస్కృతిక సంస్థ 2003లో చేసిన యొడంబడికకు మన దేశము 2005లో సమ్మతించినది. జీవకళలను వానిని పోషించు జనసమూహములే తమ వారసత్వముగ గుర్తింపవలెననియు, రక్షణ కార్యమున వారికి చోటుండవలెననియు దాని సారాంశము. కావున కథను సేకరించువాడు మొదట అనుమతి యడుగవలెను. చెప్పినవాని పేరు పుస్తకముమీద వేయవలెను. వచ్చిన దానిలో భాగ మీయవలెను. ఇది దయ కాదు, లెక్క.

చేయదగిన పనులు

విలపించి ఊరకుండుట పత్రికలకు తగదు. మాకు తోచిన కొన్ని పనులను విన్నవించెదము. ఇవి యేవియు కోట్ల ధనమును కోరునవి కావు.

మొదటిది కొనువారి చేతిలోనే యున్నది. పటము కొనునపుడు కథ యడుగుడు. పది మంది యడిగినచో పదునొకండవ వానికి అంగడివాడు కథను సిద్ధపఱచును. కాళహస్తి కలంకారి పనివారు తమ దేవాలయపు తెరలపై బొమ్మల ప్రక్కనే తెలుగు లిపిలో ఆ ఘట్టమును వ్రాసెడి సంప్రదాయము మనకున్నది. ఆ పద్ధతినే పటములకును తోలుబొమ్మలకును అన్వయించి, ప్రతి వస్తువుతోను కథను, కథ చెప్పు వారి వివరమును తెలుపు నొక యాకును జతపఱచుట విక్రయశాలల కెంత పని?

రెండవది పాఠశాలలకు సంబంధించినది. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతివఱకు పిల్లలు పది దినములు పుస్తకపు సంచి లేక వచ్చి స్థానికులగు పనివారికడ నేర్చుకొనవలెనని చెప్పినది. ఆ పదింటిలో రెండు దినములు చిత్రకారుని, కథకుని జంటగ పిలిచినచో చాలును. ఉదయము పిల్లలు గుడ్డకు చింతపిండి పూయుదురు. సాయంకాలము అదే పటముపై కథ విందురు. ఇరువురకును సమానమగు వేతన మీయవలెను. చేతికి నూఱు, నోటికి దండ యను పద్ధతి యిచ్చటనే మానవలెను.

మూడవది గ్రామములందు భూవసతి గలవారి కర్తవ్యము. వివాహములకు వెచ్చించు ధనములో దీపాలంకారమునకు పోవునది యెంతయో వారికే తెలియును. ఊరి జాతరలో నొక్క రాత్రి పటము కథకో తోలుబొమ్మలాటకో కేటాయించి, భోజనము పెట్టి, తగిన రుసుము నిచ్చి, ముందు వరుసలో తామును కూర్చుండి వినినచో, పిల్లలు తాము చూడవలసినది చూచెదరు. పెద్దలు లేచిపోవు సభలో పిల్లలు కూర్చుండరు.

నాలుగవది ప్రదర్శనశాలలకు. పటమును సగము చుట్టి అద్దపు పెట్టెలో నుంచుట మాని, నిడివి యంతయు విప్పి, కథకుని కంఠమును ముద్రించి వినిపింపవలెను. ఏడాదిలో కొన్ని దినములైనను కథకుడే స్వయముగ వచ్చి చెప్పు నేర్పాటుండవలెను.

నేటివారికి ఓపిక లేదు, చేతిలోని యంత్రము వదలరు, రాత్రులు కూర్చుండి కథ యెవరు విందురని ఆక్షేపించువారు కలరు. ఓపిక లేకుండుట నిజమే. వినరనుట నిజము కాదు. వంగదేశమున మేదినీపురపు పింగ్లా ప్రాంతమందలి నయా గ్రామమును చూడుడు. అచ్చటి పటువాలు తాము వ్రాసిన పటమును తామే విప్పి పాడుదురు. 2004 నాటి సముద్రపు టుప్పెనను సైతము పటముగ వ్రాసి పాటగ కట్టిరి. జావాద్వీపపు నీడబొమ్మలాటయగు ‘వయంగు’ మన రామాయణ భారతములనే యాడుచు, 2008లో మానవజాతి వారసత్వపు పట్టికకెక్కినది. అచ్చట బొమ్మయు, బొమ్మలాడించు ‘దలంగు’ను నేటికిని వేఱు పడలేదు. వారికి సాధ్యమైనది మనకేల యసాధ్యము? మన కథకులును సమయము నెఱుగని వారు కారు. పది రాత్రుల కథను గంటకు కుదించుట వారికి తెలియును. కుదించి చెప్పుమని యడుగువారే లేరు.

కులపురాణములు కులాభిమానమును పెంచునని మఱికొందఱి శంక. ఒకరి కథను వారే విని దాచుకొనినపుడు అట్టి భయ మొకింత కలదేమో. అందఱి కథను అందఱును వినుటయే దానికి మందు. మాదిగవాడ పురాణమును అగ్రహారము విని, గౌడుల కథను కాపులు విని, కోయల గాథను పట్టణము వినిన దినమున అవి కులపురాణములు కాక తెలుగువారి పురాణములగును. దేశీయ కళలను ప్రజలకు పంచుటయన్న మాటకు నిజమైన యర్థ మిదియే.

మీ గోడమీది పటము వంక ఈ సాయంకాల మొకమాఱు చూడుడు. అందున్న వాడెవడో, ఎచ్చటికి పోవుచున్నాడో, ఆ గడికి ముందేమి జరిగినదో, పిదప నేమి జరుగునో మీ యింటి బిడ్డ యడుగకపోడు. చెప్పగలవాడు నేడింకను బ్రదికియున్నాడు. అతనిని పిలువుడు.